ఎక్స్‌బాక్స్ వెనక్కి తగ్గితే ప్లేస్టేషన్ వాళ్లం సంబరపడాలా?

అమలాపురం_ప్లేయర్ · శనివారం రాత్రి 9:12

ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ తన సొంత ఆట హేలో 2026లో సోనీ ప్లేస్టేషన్‌కు కూడా వస్తుందని ప్రకటించినప్పటి నుంచి మన జిల్లాల గేమర్ల వాట్సాప్ గుంపుల్లో పండగ నడుస్తోంది. ‘గెలిచాం’ అంటున్నారు. ఏమి గెలిచామో ఎవరైనా చెప్పాలి. నేను చిన్నప్పటి నుంచి ప్లేస్టేషన్ మనిషిని, ఇప్పుడూ ఇంట్లో ఉన్నది పీఎస్5 (ప్లేస్టేషన్ 5). అయినా ఈ సంబరం నాకు నచ్చడం లేదు.

1995 మే నెలలో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సెగా కంపెనీ తన ఆటల పెట్టె సాటర్న్ ధర 399 డాలర్లని చెప్పింది. అదే రోజు సోనీ ప్రతినిధి వేదిక ఎక్కి ‘299’ అని ఒక్క అంకె పలికి దిగిపోయాడు. ఆ అంకెతోనే ప్లేస్టేషన్ నిలబడింది. అదే సోనీ 2006లో పీఎస్3ని 599 డాలర్లకు తెచ్చింది. అప్పటికే ఎక్స్‌బాక్స్ 360 చవకగా బజారులో ఉంది కాబట్టి జనం ముఖం తిప్పుకున్నారు, 2009కల్లా సన్న మోడల్ 299కి దిగింది. 2013లో మైక్రోసాఫ్ట్ వంతు వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లు, రోజుకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు తగిలించాలి, పాత డిస్కుల మీద ఆంక్షలు. సోనీ 399కి పీఎస్4 ఇస్తూ, డిస్కు మీది, అమ్ముకోండి, స్నేహితుడికి ఇవ్వండి అంది. పది రోజులు తిరగకుండానే మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది.

ఈ మూడు సందర్భాల్లోనూ కొనేవాడికి మేలు జరిగింది. ఆ మేలు కంపెనీల దయ వల్ల జరగలేదు, పక్కవాడు కాచుకుని కూర్చున్నాడన్న భయం వల్ల జరిగింది.

ఇప్పుడు చూడండి. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్కు మోడల్ 49,990 రూపాయలు. 2022 నవంబరులో 54,990 చేశారు. 2024 ఏప్రిల్‌లో సన్న మోడల్ వచ్చింది, అదీ 54,990కే. పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి 2009లో 99కి దిగింది. కన్సోల్ (ఆటల పెట్టె) పాతబడే కొద్దీ చవకవుతుందన్న లెక్క మీదే మనలాంటి ఊళ్లలో జనం ఆగి ఆగి కొనేవారు. ఆ లెక్క తప్పింది.

చెరువు దగ్గరికి ఒకే కొనుగోలుదారుడు వచ్చిన రోజున రొయ్య ధర ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకు నేను చెప్పాలా?

రాజమండ్రి_పీసీ · శనివారం రాత్రి 9:47

అమలాపురం గారూ, చరిత్ర బాగుంది కానీ ముగింపుతో ఏకీభవించను. ఎక్స్‌బాక్స్ ఓడిపోతున్న పక్షం కదా, మీ సూత్రం ప్రకారం అది ధర తగ్గించాలి. 2025 అక్టోబరులో అమెరికాలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ధరను 649.99 డాలర్లకు పెంచారు. అది వచ్చింది 499కి. వాళ్ల ఆటల చందా గేమ్ పాస్ అల్టిమేట్ అక్కడ నెలకు 19.99 నుంచి 29.99 అయింది. ఓడుతున్నవాడే పెంచుతుంటే పోటీ ధర తగ్గిస్తుందని ఎలా అంటారు?

అసలు కారణం లోపల ఉంది. ఒకప్పుడు చిప్పు కొత్త తరానికి మారితే చిన్నదై చవకయ్యేది. ఇప్పుడు చిన్నదవుతోంది కానీ చవకవడం లేదు. మెమరీ ధరలు చుక్కలు చూపిస్తున్నాయి. ఆటల తయారీ సంగతి సరేసరి. 2023లో అమెరికా కోర్టుకు సోనీ ఇచ్చిన కాగితాల్లో నల్ల సిరాతో కొట్టేసిన అంకెలు కిందనుంచి కనిపించాయి, గుర్తుందా? లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కు 21 కోట్ల పైమాట. ఒక్కో ఆటకు అంత పోసినవాడు ధర ఎక్కడ తగ్గిస్తాడు?

అందుకే నేను పీసీ మనిషిని. పీసీ ఆటల ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో ధర రూపాయల్లో ఉంటుంది, వేసవిలో, శీతాకాలంలో తగ్గింపులు ఉంటాయి, ఆన్‌లైన్ ఆడటానికి నెలవారీ రుసుము ఉండదు. ఎవరి పక్షమూ పట్టాల్సిన పని లేదు.

అమలాపురం_ప్లేయర్ · శనివారం రాత్రి 10:20

మైక్రోసాఫ్ట్ ధర పెంచింది పోటీలో ఉండి కాదండీ, పోటీ వదిలేసి. గెలవాలనుకునేవాడు సొంత ఆటలను ఎదుటివాడి పెట్టెలో పెట్టడు. ఎన్ని ఎక్స్‌బాక్సులు అమ్ముడయ్యాయో చెప్పడం 2015లోనే మానేశారు. తర్వాత పెట్టెలు అమ్మే బదులు స్టూడియోలు కొనడం మొదలుపెట్టారు. యాక్టివిజన్ బ్లిజార్డ్ కోసం 6,870 కోట్ల డాలర్ల ఒప్పందం. అది 2023 అక్టోబరులో పూర్తయింది. 2024 జనవరిలో 1,900 మందిని ఇంటికి పంపారు. అదే మే నెలలో టాంగో గేమ్‌వర్క్స్ మూసివేత ప్రకటించారు. హై‑ఫై రష్ లాంటి అందరూ మెచ్చిన ఆట చేసిన జట్టు అది. మంచి ఆట చేస్తే ఉద్యోగం నిలుస్తుందన్న నమ్మకం కూడా లేకపోతే ఇక ఎవరు ధైర్యంగా కొత్త ఆట చేస్తారు?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మన కుర్రాళ్లు ‘మావాడు గెలిచాడు’ అని ఎగురుతుంటే, అక్కడ రెండు పక్షాల్లోనూ పనిచేసేవాళ్ల పొట్ట కొడుతున్నారు. సోనీ కూడా 2024 ఫిబ్రవరిలో 900 మందిని తీసేసింది.

భీమవరం_డిస్కులు · శనివారం రాత్రి 11:05

నేను పాత డిస్కులు కొని అమ్ముతాను, మార్పిడి కూడా చేస్తాను. మీరిద్దరూ డాలర్లలో మాట్లాడుతున్నారు, నేను కౌంటరు దగ్గర చూసేది చెబుతాను.

సోనీ సొంత ఆట కొత్తది 4,999 రూపాయలు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ ధర పెట్టి కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కానీ వాళ్లు కొంటేనే మిగతావాళ్లకు ఆట దొరుకుతుంది. మొదటి వారం ఒకరు కొంటారు, కథ ఉన్న ఆట కాబట్టి త్వరగా పూర్తిచేసి తెస్తారు. వెయ్యి, పన్నెండు వందలు తగ్గించి పాలకొల్లు కుర్రాడికి ఇస్తాను. అతని దగ్గర నుంచి నరసాపురం. అక్కడి నుంచి ఆర్టీసీ కార్గోలో రావులపాలెం. ఆ ఒక్క డిస్కు డెల్టా అంతా తిరుగుతుంది. చివరివాడి చేతికి వచ్చేసరికి వెయ్యి రూపాయలకు దిగుతుంది. ప్రతి ఒక్కరికీ నిజంగా ఖర్చయ్యేది కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మాత్రమే. 4,999 అని చూసి భయపడే తల్లిదండ్రులకు నేను ఇదే చెబుతాను.

అన్ని డిస్కులూ ఇలా నిలబడవు. ఏటా వచ్చే ఫుట్‌బాల్ ఆటలు కొత్త సంవత్సరపు కూర్పు రాగానే విలువ పోగొట్టుకుంటాయి, వాటిని నేను తీసుకోను. డిజిటల్ స్టోర్‌లో పెద్ద తగ్గింపు పడిన రోజున నా అరలో ఉన్న డిస్కు ధర కూడా పడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే కన్సోళ్ల లోపల ఉప్పు తేమ పట్టి ఉంటుంది. పాత కన్సోల్ కొనేటప్పుడు వెనక సాకెట్లలో తుప్పు చూసుకోండి.

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు, ఆ తర్వాత కొన్ని వారాలు నా దగ్గరికి డిస్కులు కొనేవాళ్ల కంటే కన్సోళ్లు అమ్మేవాళ్లు ఎక్కువ వచ్చారు. అన్నీ రొయ్యల చెరువులున్న ఇళ్లే. ఒక కుర్రాడు పెట్టె, బిల్లు, కవరు కూడా చెక్కుచెదరకుండా తెచ్చాడు. చాలా జాగ్రత్తగా వాడుకున్నాడు. బాధేసింది.

పాలకొల్లు_కోడర్ · ఆదివారం ఉదయం 7:38

మాది పాలకొల్లు, ఉద్యోగం హైదరాబాద్‌లో, ఆటలు తయారుచేసే చోటే. ఇక్కడ పెద్ద స్టూడియోల శాఖలు ఉన్నాయి, చిన్న జట్లూ ఉన్నాయి. లోపలి మాట కొంచెం చెబుతాను.

భీమవరం అన్నయ్యా, ఒక డిస్కు ఆరుగురి చేతులు మారితే తయారుచేసినవాళ్లకు వచ్చేది మొదటి కొనుగోలు డబ్బే. ఇది నిందగా అనడం లేదు, నేనూ చిన్నప్పుడు అలాగే ఆడి ఈ పనిలోకి వచ్చాను. కానీ కంపెనీలు డిస్కును ఎందుకు వదిలించుకోవాలనుకుంటాయో అర్థం చేసుకోవాలి.

అయితే రాజమండ్రి గారు చెప్పిన బడ్జెట్ల మాట దగ్గర నేను ఆగుతాను. ఆ ఖర్చు ఆకాశం నుంచి పడలేదు, వాళ్లు ఎంచుకున్నదే. అందరూ ఒకే రకం ఆన్‌లైన్ ఆట వెంట పడ్డారు. సోనీ ఆట కాంకర్డ్ 2024 ఆగస్టు 23న 40 డాలర్లకు వచ్చింది, సెప్టెంబరు 6న తీసేసి కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు. ఏళ్ల తరబడి చేసిన పని రెండు వారాలు బతికింది. అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. మరోవైపు ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఒక కొత్త జట్టు క్లేర్ అబ్‌స్క్యూర్ అనే ఆటను 2025 ఏప్రిల్‌లో 50 డాలర్లకు ఇచ్చింది, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. సెప్టెంబరులో హాలో నైట్ సిల్క్‌సాంగ్ 20 డాలర్లకు వచ్చిన గంటలో ఆన్‌లైన్ స్టోర్లే తట్టుకోలేకపోయాయి. జనం డబ్బు పెట్టడానికి సిద్ధంగానే ఉన్నారు, పెట్టిన డబ్బుకు మనసు పెట్టి చేసిన ఆట కావాలంటున్నారు.

కొనేవాళ్ల మాటకు బలం ఉందనడానికి ఇంకో రుజువు. నింటెండో 2025లో మారియో కార్ట్ వరల్డ్‌ను 80 డాలర్లకు తెచ్చింది. వెంటనే మైక్రోసాఫ్ట్ కూడా అవుటర్ వరల్డ్స్ 2కు 80 అంది. జనం గట్టిగా కాదనడంతో జులైలో 70కి దిగింది.

పుణె జట్టు చేసిన రాజీ ఆటను మీలో ఎంతమంది కొన్నారు? 2020లో వచ్చింది. మన శిల్పాలు, మన పురాణాల వాసన ఉన్న ఆట. అలాంటిది గోదావరి నేపథ్యంలో, తెలుగు మాటలతో రావాలని నా కోరిక. అది రావాలంటే మొదటి రోజు ధర పెట్టి కొనేవాళ్లు కొందరైనా ఉండాలి.

కాకినాడ_క్యాంపస్ · ఆదివారం ఉదయం 10:15

అన్నయ్యలూ, మా హాస్టల్లో కన్సోల్ ఉన్న గది ఒక్కటీ లేదు. మా ఆట అంతా ఫోనులోనే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐగా వచ్చింది, 2022లో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. అన్ని మలుపులూ మేము చూశాం. సోనీనా మైక్రోసాఫ్టా అన్న గొడవ మాకు ఎక్కడో దూరంగా వినిపిస్తుంది.

ఉచితం అంటారు కానీ ఉచితం కాదు. తుపాకీ రంగు కోసం, దుస్తుల కోసం నెలనెలా పెట్టేవాళ్లు నాకు తెలుసు. కూడితే కన్సోల్ ధర దాటుతుంది. అది తిరిగి అమ్ముకోవడానికీ లేదు. భీమవరం గారు చెప్పిన లెక్క చదివాక డిస్కు పద్ధతే మర్యాదగా అనిపిస్తోంది.

ఇంకో బాధ. రమ్మీ, పందెం యాప్‌లకూ మా ఆటలకూ తేడా పెద్దవాళ్లకు తెలియదు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ల మీద 2020లోనే నిషేధం పెట్టారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పందెం ఆటలన్నీ నిషేధించింది, ఈ‑స్పోర్ట్స్‌ను మాత్రం గుర్తించింది. అయినా మా నాన్నగారి దృష్టిలో అన్నీ ఒకటే.

తణుకు_టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 12:40

నమస్కారమండీ. నాకు ఆటలు రావు, ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం ఈ చర్చ చదువుతున్నాను. కాకినాడ బాబు చెప్పింది నిజం, ఆ తేడా నాకూ ఈ ఏడాదే తెలిసింది.

మా మరిది కువైట్ నుంచి సంక్రాంతికి వస్తున్నారు, కన్సోల్ తెస్తానంటున్నారు. వీడు పీఎస్5 ప్రో అడుగుతున్నాడు. తెప్పించవచ్చా? లేక ఇక్కడే కొనడం మంచిదా? పరీక్షలయ్యాకే ఇస్తానని చెప్పాను.

భీమవరం_డిస్కులు · ఆదివారం మధ్యాహ్నం 1:10

టీచర్ గారూ, గల్ఫ్ నుంచి వచ్చిన కన్సోళ్లు కోనసీమలో ఇంటింటా ఉన్నాయి, పనిచేస్తాయి. కానీ మూడు విషయాలు చూసుకోండి.

ఒకటి, ఇక్కడ వారంటీ దొరకదు. చెడిపోతే ఖర్చు మీదే. రెండు, అక్కడి డిస్కు ఇక్కడి కన్సోల్‌లో ఆడుతుంది కానీ, ఆ ఆటకు తర్వాత వచ్చే అదనపు భాగాలు ఖాతా ఏ దేశానిదో, డిస్కు ఏ ప్రాంతానిదో కుదిరితేనే పనిచేస్తాయి. ఈ సంగతి తెలియక ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర దిగుమతి డిస్కు కొని, అదనపు భాగం డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. మూడు, ప్రో మోడల్‌ను 2024 నవంబరులో విడుదల చేసినప్పుడు మన దేశంలో అమ్మలేదు. అందులోని కొత్త వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు ఇక్కడ అప్పటికి అనుమతి లేకపోవడం కారణమని సోనీయే చెప్పింది. పైగా అందులో డిస్కు డ్రైవ్ ఉండదు, విడిగా కొనాలి. కుర్రాడికి అది అక్కర్లేదు. డిస్కు మోడల్ పీఎస్5 ఇక్కడే బిల్లుతో కొనండి.

లంక_అబ్బాయి · ఆదివారం మధ్యాహ్నం 2:25

మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు. డిస్కు గొప్పతనం నేను మొంథా తుపాను తర్వాత చూశాను. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మా ఊళ్లో చెట్లు, స్తంభాలు పడిపోయాయి. కరెంటు ముందు వచ్చింది. ఫైబర్ తీగ తెగిపోవడంతో ఇంటర్నెట్ రావడానికి చాలా ఆలస్యమైంది. డిస్కులో ఉన్న ఆట పెట్టగానే నడిచింది. మా తమ్ముడు డిజిటల్‌గా కొన్న ఆట తాళం వేసుకుని కూర్చుంది.

అందరికీ పనికొస్తుందని చెబుతున్నాను. పీఎస్5 సెట్టింగుల్లో ‘కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే’ అని ఒకటి ఉంటుంది. ఎక్కువగా ఆడే కన్సోల్‌లో దాన్ని ముందే ఆన్ చేసి ఉంచండి, నెట్ లేకపోయినా కొన్న ఆట తెరుచుకుంటుంది. మా తమ్ముడు వేరే ఊళ్లో అన్నయ్య కన్సోల్‌లో దాన్ని ఆన్ చేసి ఉంచాడు, అందుకే ఇక్కడ తెరుచుకోలేదు. విడిగా కొన్న డిస్కు డ్రైవ్ తగిలించేటప్పుడు కూడా మొదటిసారి ఇంటర్నెట్ ఉండాలి. వరదల కాలం రాకముందే ఆ పని చేసుకోండి.

వంద గిగాబైట్ల ఆటను ఫోను హాట్‌స్పాట్ మీద దించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి మా ఊరు రావాలి.

రాజమండ్రి_పీసీ · ఆదివారం సాయంత్రం 4:50

డిస్కును మరీ నమ్ముకోకండి. యూబీసాఫ్ట్ వాళ్ల ది క్రూ ఆటకు డిస్కులు ఉన్నాయి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఆ డిస్కులన్నీ ఖాళీ పళ్లేలయ్యాయి. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా నడవలేదు. దాని మీద పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. నింటెండో స్విచ్ 2కు వస్తున్న కొన్ని కార్డుల్లో అసలు ఆటే ఉండదు, కార్డు పెట్టి ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి.

స్టీమ్ కూడా ఇచ్చేది లైసెన్సే, ఆ మాట నేను దాచను. జీఓజీ అనే ఆన్‌లైన్ కొట్టులో కొంటే ఆట ఇన్‌స్టాలర్ మన హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు. కొన్నది మన దగ్గర ఉండాలన్న పట్టుదల ఉంటే అది ఇంకా మంచి దారి.

అమలాపురం_ప్లేయర్ · ఆదివారం సాయంత్రం 6:30

రాజమండ్రి గారూ, ది క్రూ సంగతి కాదనలేను. సర్వర్ మీద ఆధారపడే ఆటకు డిస్కు రక్ష కాదు. అందుకే అలాంటి ఆటలు పూర్తి ధరకు కొనకూడదనే నేనంటాను.

కానీ భీమవరం గారి పోస్టు చదివాక నా మాట ఇంకొంచెం గట్టిపడింది. ఎక్స్‌బాక్స్ తప్పుకున్నాక సోనీకి మన దగ్గర మిగిలిన పోటీదారు ఎవరు? పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే ఆ పాత డిస్కే. డిజిటల్ స్టోర్‌లో 4,999 అని ఉన్నప్పుడు, అదే ఆట కౌంటరు మీద రెండు వేలకు దొరుకుతోందని స్టోర్ వాడికి తెలుసు. ఆ భయం ఉన్నంత కాలం తగ్గింపులు వస్తాయి. డ్రైవ్ లేని కన్సోల్ కొన్న రోజున మన కొనుగోలంతా ఒకే కొట్టులో, వాడు చెప్పిన ధరకే. డిజిటల్ మోడల్ ధర తక్కువ అని సంబరపడి కొంటున్నవాళ్లు ఆ తేడాను నాలుగైదు ఆటల్లోనే తిరిగి కట్టేస్తారు.

పాలకొల్లు తమ్ముడూ, నీ బాధ న్యాయమైనదే. కాబట్టి నేను పాటించే పద్ధతి చెబుతాను: చిన్న జట్ల ఆటలు, మన దేశపు ఆటలు మొదటి వారంలోనే పూర్తి ధరకు కొంటాను, ఎప్పటికీ అమ్మను. 20 కోట్ల డాలర్ల ఆటలు మాత్రం చేతులు మారాకే తీసుకుంటాను.

జీటీఏ 6 ఆట 2026 నవంబరు 19కి వాయిదా పడింది. దానికి ఎంత ధర పెడతారో అదే మిగతా వాళ్లందరికీ కొలత అవుతుంది. మొదటి రోజే ఎగబడకుండా ఉండగలిగితే మన మాటకు విలువ ఉంటుంది.

పాలకొల్లు_కోడర్ · ఆదివారం రాత్రి 8:02

ఆ పద్ధతి నాకు పూర్తిగా సమ్మతం అన్నయ్యా. అలా కొనేవాళ్లు జిల్లాకు కొన్ని వందల మంది ఉన్నా చిన్న జట్టు ఊపిరి పీల్చుకుంటుంది.

మోడరేటర్ · ఆదివారం రాత్రి 8:45

చర్చ మర్యాదగా నడిపినందుకు అందరికీ ధన్యవాదాలు. చాలామంది అడుగుతున్నారు కాబట్టి డిస్కుల మార్పిడికి వేరే శీర్షిక తెరిచాను. ఊరు, ఆట పేరు, డిస్కు ఏ ప్రాంతానిది, గీతలు ఉన్నాయా లేదా రాయండి. ఫోను నంబర్లు బహిరంగంగా పెట్టవద్దు. ముందు డబ్బు పంపమని ఎవరైనా అడిగితే నాకు తెలియజేయండి.

కాకినాడ_క్యాంపస్ · ఆదివారం రాత్రి 9:20

మా హాస్టల్ వాళ్లం నలుగురం కలిసి వాడిన పీఎస్4 ఒకటి కొనాలనుకుంటున్నాం. భీమవరం గారూ, మీ దగ్గర ఉప్పు పట్టనిది ఉందా?

భీమవరం_డిస్కులు · ఆదివారం రాత్రి 9:41

ఉంది తమ్ముడూ. తాడేపల్లిగూడెం ఇంటిది, లోపల శుభ్రంగా ఉంది. బుధవారం విప్పి ఫ్యాను తుడిచి, ఫొటోలు మార్పిడి శీర్షికలో పెడతాను. నచ్చితే కార్గోలో కాకినాడ పంపుతాను, డబ్బు పెట్టె చేరి ఆడి చూశాకే ఇవ్వండి.